మద్రాసు ప్రెసిడెన్సీలో సర్కారు బడుల పునర్వ్యవస్థీకరణ

బ్రిటిష్ ఏలుబడిలో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వం 1826 నుంచి 1939 దాకా తన పాఠశాలల ఏర్పాటును పలుమార్లు తిరగరాసింది. కొన్నిసార్లు ఉన్న బడులను ఎత్తివేసింది. కొన్నిసార్లు వాటి బరువును రైతుల మీదికో, మిషనరీల మీదికో, స్థానిక సంస్థల మీదికో మార్చింది. ఒకసారి మాత్రం బడికి డబ్బివ్వడం మానేసి, పరీక్షలో నెగ్గిన పిల్లవాడి లెక్కన పంతులుకు డబ్బిచ్చింది. ఉత్తర్వులన్నిటిలోనూ విద్యాభివృద్ధి అనే మాట ఉంటుంది. వాటి వెనక ఖజానా లెక్క కూడా ఉంటుంది. ఈ రెండింటినీ విడదీసి చూస్తే తప్ప ఈ చరిత్ర అర్థం కాదు.

ఇందులో తెలుగు జిల్లాల పాలు పెద్దది. గంజాం, విశాఖపట్నం, రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు, నెల్లూరు ఒక వైపు, దత్త మండలాలైన బళ్లారి, కడప మరో వైపు ఈ ప్రెసిడెన్సీలో ఉండేవి. తరువాతి కాలంలో కర్నూలు వచ్చి చేరింది. తెలంగాణ నిజాం రాజ్యంలో ఉన్నందువల్ల ఈ మార్పులేవీ అక్కడ వర్తించలేదు.

మన్రో లెక్కలు

ఈస్టిండియా కంపెనీ పాలకులు బడులు పెట్టడానికి ముందే ఊళ్లలో బడులున్నాయి. ఎన్ని ఉన్నాయో మొదట ఆరా తీసినవాడు గవర్నరు థామస్ మన్రో. 1822లో కలెక్టర్లందరికీ తాఖీదులు వెళ్లాయి. జిల్లాలో బడులెన్ని, పిల్లలెందరు, ఏ కులాలవారు, ఏ పుస్తకాలు చదువుతున్నారు అన్నవి ప్రశ్నలు. జవాబులన్నీ చేరేసరికి మూడేళ్లు పట్టింది. ప్రెసిడెన్సీ మొత్తం మీద 12,498 బడులు, వాటిలో 1,88,650 మంది పిల్లలు తేలారు. జనాభా 1,28,50,941. పిల్లల్లో మగవాళ్లు 1,84,110 మంది, ఆడపిల్లలు 4,540 మంది. ఇంటి దగ్గరే చదువుకునేవాళ్లు ఈ లెక్కకు అందలేదని మన్రోకే తెలుసు.

కలెక్టర్లలో చాలామంది పట్టికలు నింపి పంపి ఊరుకున్నారు. బళ్లారి కలెక్టరు ఎ. డి. కాంప్‌బెల్ అలా చేయలేదు. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన మనిషి కనుక ఆయనకు ఊరి బడి గురించి చెప్పడానికి చాలా ఉంది. 1823 ఆగస్టులో పంపిన నివేదికలో ఆయన జిల్లాలోని 533 బడులను భాషలవారీగా విడగొట్టాడు: కన్నడం 235, తెలుగు 226, మరాఠీ 23, సంస్కృతం 23, పారశీకం 21, తమిళం 4, ఇంగ్లీషు 1. తరువాత బడి లోపలికి తీసుకువెళ్లాడు. పిల్లవాడికి అయిదో ఏట అక్షరాభ్యాసం. పొద్దున ఆరు గంటలకల్లా బడి మొదలు. అందరికన్నా ముందు వచ్చినవాడి అరచేతిలో పంతులు సరస్వతి పేరు రాస్తాడు. రెండోవాడి చేతిలో సున్న చుడతాడు, మెప్పూ లేదు తిట్టూ లేదని. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఇలా వరస పెరుగుతూ పోతుంది. అక్షరాలు మొదట ఇసుకలో వేలితో దిద్దాలి. చెయ్యి తిరిగాక బొగ్గుపొడి పూసిన కడితం మీద బలపంతో రాయాలి.

ఆ నివేదికలో అసలు బరువైన వాక్యాలు ఆ తరువాత వస్తాయి. జిల్లా జనాభా పది లక్షలకు దగ్గరగా ఉంటే బడికి పోతున్నవాళ్లు ఏడు వేలమంది కూడా లేరనీ, దానికి కారణం దేశం క్రమంగా పేదదైపోవడమేననీ కాంప్‌బెల్ రాశాడు. సీమ బట్టలు వచ్చిపడి నేతగాళ్లకు పని పోయిందన్నాడు. 533 బడుల్లో ఒక్కదానికీ ఇప్పుడు సర్కారు సాయం అందడం లేదని కూడా తేల్చాడు. కంపెనీ కలెక్టరు కంపెనీకి రాసిన కాగితంలో ఈ మాటలుండడం చిన్న సంగతేమీ కాదు. అయితే పాతకాలపు బడుల గొప్పతనానికి రుజువుగా ఈ పట్టికలను చూపించేవాళ్లు 4,540 అనే అంకెను కూడా పక్కనే పెట్టుకోవాలి.

నెలకు నాలుగు వేలు

1826 మార్చి 10న మన్రో తన సిఫార్సు రాశాడు. పంతుళ్ల రాబడి నెలకు ఆరేడు రూపాయలకు మించడం లేదనీ, ఆ డబ్బుకు చదువుకున్నవాడెవడూ ఈ వృత్తిలోకి రాడనీ ఆయన వాదన. పథకం సాదాసీదా అయినది. ప్రెసిడెన్సీలో 20 కలెక్టరేట్లు ఉన్నాయి. ఒక్కోదానిలో హిందువులకు ఒకటి, ముస్లింలకు ఒకటి చొప్పున పెద్ద బడులు పెట్టాలి, పంతులుకు నెలకు రూ. 15 ఇవ్వాలి. తహసీళ్లు 300. ఒక్కోదానిలో ఒక బడి పెట్టాలి, పంతులుకు రూ. 9 ఇవ్వాలి. కలెక్టరేటు బడులకు నెలకు రూ. 600, తహసీలు బడులకు రూ. 2,700, మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి రూ. 700. అన్నీ కలిపి నెలకు రూ. 4,000, ఏడాదికి రూ. 48,000.

కోటీ పాతిక లక్షలు దాటిన జనానికి ఏడాదికి అర లక్ష కూడా కాదన్నమాట. తొమ్మిది రూపాయలు తక్కువేమో అన్న అనుమానానికి మన్రో దగ్గర జవాబుంది. పిల్లల దగ్గర వసూలయ్యే జీతం కలుపుకుంటే మన పంతులు స్కాట్లండులోని పారిష్ బడిపంతులుకన్నా మెరుగ్గానే బతుకుతాడన్నాడు. గ్లాస్గోలో పుట్టిపెరిగినవాడు కాబట్టి ఆ పోలిక ఊరికే అనుంటాడని అనుకోలేం. విద్య మీద పెట్టే ఖర్చు దేశం బాగుపడి దండిగా తిరిగి వస్తుందన్న భావం కూడా ఆ కాగితంలో ఉంది. తరువాతి నూరేళ్లలో వచ్చిన ఉత్తర్వుల్లో ఈ రకం మాట అరుదు.

ఆ ఏడే ప్రజావిద్యా బోర్డు ఏర్పడింది. మరుసటి ఏడు, 1827 జూలైలో, పర్యటనలో ఉన్న మన్రో పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయాడు. లండన్‌లోని డైరెక్టర్లు పథకానికి ఒప్పుకున్నారు కానీ దాన్ని ముందుకు నెట్టే మనిషి లేకపోయాడు. తహసీలు బడులు అనుకున్న మూడు వందల దరిదాపులకు ఎప్పుడూ రాలేదు. 1830లో డైరెక్టర్లు మద్రాసుకు రాసిన ఉత్తరంలో గాలి మారింది. ముందు పై తరగతులవారికి ఉన్నత విద్య చెబితే, దాని ఫలం కిందివారికి తనంతట తానే దిగుతుందన్నారు. ఏ భాషలో చదువు చెప్పాలన్న వాదంలో 1835లో కలకత్తాలో ఇంగ్లీషు చదువు పక్షం గెలిచాక, 1836లో మద్రాసు బోర్డు రద్దయింది. కలెక్టరేటు బడులు, తహసీలు బడులు మూతపడ్డాయి. ఉన్న కొద్ది డబ్బునూ ఇంగ్లీషు చదువు వైపు తిప్పారు.

మన్రో బడులు చెడిపోయి మూతపడ్డాయన్నది అప్పటి అధికారిక వాదం. పంతుళ్లు పనికిరానివాళ్లనీ, తహసీల్దార్లు తమకు కావలసినవాళ్లను వేసుకున్నారనీ అన్నారు. ఇందులో నిజం ఉండవచ్చు. తొమ్మిది రూపాయలిచ్చి, పంతుళ్లకు తర్ఫీదు ఇవ్వకుండా, పదేళ్లలో తీర్పు చెప్పేశారన్నది కూడా నిజమే. బడుల డబ్బు మళ్లించిన ఇంగ్లీషు చదువుకు మద్రాసులో విద్యాలయం మొదలవడానికి మరో అయిదేళ్లు పట్టింది. 1841లో ఇ. బి. పావెల్ ప్రధానోపాధ్యాయుడిగా తెరిచిన ఆ హైస్కూలే తరువాత ప్రెసిడెన్సీ కాలేజీ అయింది. ఈ నడిమి కాలంలో జిల్లాల్లో సర్కారు పక్షాన చెప్పుకోదగ్గ బడి లేదు. కొందరు అధికారులు అంతకుముందే సొంత డబ్బుతో నడిపిన బడులు మాత్రం ఉన్నాయి. సి. పి. బ్రౌన్ 1821లో కడపలోనూ, ఆ తరువాత మచిలీపట్నంలోనూ ఉచిత బడులు పెట్టినది ఇలాగే.

గ్రాంటు అనే కొత్త దారి

లండన్ నుంచి వచ్చిన 1854 జూలై 19 నాటి విద్యా ఆదేశం, ఉడ్ డిస్పాచ్, ప్రతి ప్రెసిడెన్సీకి ఒక విద్యాశాఖ పెట్టించింది. మద్రాసులో మొదటి డైరెక్టరు ఎ. జె. అర్బత్నాట్. జిల్లా బడులు, తాలూకా బడులు వచ్చాయి. రాజమండ్రి బడి ఇలా ఎదిగినదే. ఆ డిస్పాచ్‌లో డబ్బుకు సంబంధించిన సూత్రం ఒకటుంది. దేశమంతటికీ సర్కారే బడులు పెట్టలేదు కనుక ప్రైవేటు బడులకు గ్రాంటు ఇచ్చి నడిపించాలి, చదువుకునేవాడి దగ్గర కొంతైనా జీతం వసూలు చేయాలి, స్థానికులు నిలబెట్టుకోగలిగిన చోట సర్కారు తన బడి ఎత్తేసి తప్పుకోవాలి. విద్యాశాఖ పుట్టిన కాగితంలోనే అది ఎప్పుడు వెనక్కి తగ్గాలో కూడా రాసి పెట్టారన్నమాట.

మద్రాసు గ్రాంటు నిబంధనలు మొదట సర్టిఫికెట్ ఉన్న పంతులుకే వర్తించాయి. మిషనరీ బడుల్లో అలాంటివాళ్లు దొరికేవారు. అరుగు మీద నలభైమంది పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఎక్కాలు, శతకాలు చెప్పే వీధిబడి పంతులుకు సర్టిఫికెట్ ఎక్కడిది? గ్రాంటు సొమ్ము ఎక్కువ భాగం ఎవరికి చేరిందో వేరే చెప్పనక్కర లేదు.

1857 తిరుగుబాటు ఖర్చులతో ఖజానా అప్పుల్లో పడింది. 1859 ఏప్రిల్‌లో భారత మంత్రి లార్డ్ స్టాన్లీ మరో డిస్పాచ్ పంపాడు. ప్రాథమిక బడులకు గ్రాంటు పద్ధతి సరిపడదనీ, భూమి మీద ప్రత్యేకంగా పన్ను వేసి వాటిని నడపడం మంచిదనీ సూచించాడు. ఆ సూచన లండన్‌లో రాసేనాటికే గోదావరి ఒడ్డున అలాంటి ప్రయోగం ఒకటి నడుస్తోంది.

గోదావరి రేటు బడులు

రాజమండ్రి జిల్లా సబ్ కలెక్టరు జి. ఎన్. టేలర్ 1850ల్లో నరసాపురం ప్రాంతంలో తెలుగు బడులు పెట్టించాడు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలవల నీళ్లతో డెల్టా కొత్తగా కళకళలాడుతున్న రోజులవి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తమకూ బడి కావాలని అడిగారు. ఖర్చు ఎలాగన్న ప్రశ్నకు, శిస్తుతో పాటు బడికోసం కొంత చొప్పున కలిపి వసూలు చేసే పద్ధతి కుదిరింది. ఆ కొత్త పన్నుకు రేటు అనీ, ఆ బడులకు రేటు బడులనీ పేర్లు నిలిచాయి. 1859లో జిల్లాలు మార్చి గోదావరి, కృష్ణా జిల్లాలు చేసేనాటికి ఈ బడులు ఆ ప్రాంతంలో బాగా వ్యాపించాయి.

మద్రాసు అధికారులకు ఇది పండగలా కనిపించింది. జనమే డబ్బిస్తున్నారు, జనమే బడి అడుగుతున్నారు, ఖజానాకు ఖర్చు లేదు. కానీ శిస్తు నిర్ణయించే దొర కచేరీలో కూర్చుని, బడికి కొంత కలిపి ఇస్తారా అని అడిగితే కాదనే రైతు ఎవడు? ఒప్పుకోలు చాలాచోట్ల పేరుకే ఉంది. కట్టనన్నవాడి దగ్గర వసూలు చేయడానికి చట్టం లేదు. కట్టినవాడికి తన డబ్బు ఏమవుతోందో అడిగే హక్కూ లేదు. బడి పక్క ఊళ్లో పెట్టినా రేటు మాత్రం తప్పదు.

ఈ చిక్కు విప్పడానికి 1863లో ఆరో నంబరు చట్టం, అంటే మద్రాసు విద్యా చట్టం వచ్చింది. ఊరివాళ్లు కోరుకుంటే తమ మీద తామే విద్యా పన్ను వేసుకోవచ్చు, దాన్ని వసూలు చేసే అధికారం చట్టం ఇస్తుంది. గోదావరిలో అప్పటికే ఉన్నదానికి ఇలా చట్టం తోడైంది. మిగతా జిల్లాల్లో కావాలని కొత్త పన్ను నెత్తికెత్తుకునేవాళ్లు దాదాపు కనబడలేదు. సాగునీరు పారే డెల్టాలో కుదిరిన పద్ధతిని, వాన మీద ఆధారపడిన కడప, బళ్లారి రైతుల మీద రుద్దవచ్చనుకోవడంలోనే పొరపాటు ఉంది.

తలకింత అని లెక్కగట్టిన చదువు

ఇంగ్లండులో 1862లో రాబర్ట్ లో తెచ్చిన సవరించిన కోడ్ బడుల గ్రాంటును పిల్లల పరీక్షా ఫలితాలకు ముడిపెట్టింది. ఖర్చు తగ్గాలి లేదా పని బాగుండాలి, రెండింటిలో ఏది జరిగినా మంచిదేనన్నది ఆయన లెక్క. మద్రాసు 1865 గ్రాంటు నిబంధనల్లో ఈ పద్ధతిని తెచ్చి, 1868లో సవరించింది. ఫలితాల గ్రాంటు అన్నారు దీన్ని. ఇతర ప్రెసిడెన్సీలకన్నా మద్రాసులో ఇది లోతుగా పాతుకుంది.

పద్ధతి ఇది. ఇన్‌స్పెక్టరో డెప్యూటీ ఇన్‌స్పెక్టరో ఏడాదికొకసారి బడికి వస్తాడు. ఒక్కో పిల్లవాణ్ణీ పిలిచి చదివిస్తాడు, రాయిస్తాడు, లెక్కలు చేయిస్తాడు. ఒక్కో సబ్జెక్టులో నెగ్గినందుకు తరగతిని బట్టి ఇంత అని రేటు. ఆడపిల్లలకు రేటు ఎక్కువ. అన్నీ కూడితే వచ్చే మొత్తం పంతులుకు ముడుతుంది. సర్టిఫికెట్ అడగరు, బడికి గోడలున్నాయా అని అడగరు.

వీధిబడులు సర్కారు రికార్డుల్లోకి పెద్ద ఎత్తున వచ్చింది ఈ దారిలోనే. ఇది ఆ పద్ధతిలోని మేలు, దీన్ని కాదనలేం. అంతవరకూ సర్కారు కంటికి కనపడని అరుగు బడి పంతులుకు మొదటిసారి నాలుగు డబ్బులు చేరాయి. దానికి బదులుగా ఆయన నల్లబల్ల పెట్టాడు, అచ్చుపుస్తకాలు తెప్పించాడు, హాజరుపట్టీ రాశాడు, పిల్లల్ని స్టాండర్డులుగా విడగొట్టాడు. పెద్దవాడు చిన్నవాడికి దిద్దించే పాత పద్ధతి, ఎవడి పాటికి వాడు ముందుకు పోయే పద్ధతి పోయాయి.

ఖజానాకు ఇందులో ఉన్న సౌకర్యం వేరు. జీతాల బడ్జెట్ లేదు, పింఛను లేదు. ఏడాది పొడుగునా పంతులు అప్పు చేసి బడి నడుపుతాడు, పరీక్ష అయ్యాక డబ్బొస్తుంది. జ్వరం తగిలి పిల్లలు పరీక్షకు రాకపోతే ఆ నష్టం పంతులుది. కరవు వచ్చి ఊరు ఖాళీ అయితే ఆ నష్టమూ ఆయనదే. 1876–78 కరవు దత్త మండలాలను ఎలా పీల్చేసిందో తెలిసినవాళ్లకు ఈ నిబంధన బరువు అర్థమవుతుంది. నెగ్గుతాడనుకున్న పిల్లవాడి మీద పంతులు చూపు నిలుస్తుంది. మందకొడిగా ఉన్నవాడు, కొత్తగా చేరినవాడు, పొలం పనులకు పోయి వారానికి రెండు రోజులొచ్చేవాడు డబ్బు తెచ్చిపెట్టరు. పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా అప్పజెప్పేటంతగా వాచకాలు బట్టీ పెట్టించడం అప్పుడు పంతుళ్లకు తిండి సమస్య. ఇన్‌స్పెక్టర్లకు కూడా బడిని చూసే తీరిక చిక్కలేదు. తలలు లెక్కపెట్టి, మార్కులు కూడి, బిల్లు తయారుచేయడంతోనే ఏడాది గడిచేది.

పన్నుల బదిలీ

1870 డిసెంబరులో వైస్రాయి మేయో ఆర్థిక వికేంద్రీకరణ తీర్మానం చేశాడు. విద్య, పోలీసు, జైళ్లు, వైద్యం, రోడ్లు వంటివి రాష్ట్ర ప్రభుత్వాలకు అప్పగించి, వాటికి ఇంత అని గిరిగీసి సొమ్మిచ్చాడు. ఆ సొమ్ము అంతకుముందు పెడుతున్న ఖర్చుకన్నా తక్కువ. మిగిలినది స్థానిక పన్నులతో పూడ్చుకోవాలి. మద్రాసు 1871లో రెండు చట్టాలు చేసింది, పల్లెలకు లోకల్ ఫండ్స్ చట్టం, పట్టణాలకు టౌన్స్ ఇంప్రూవ్‌మెంట్ చట్టం. భూమి సెస్సులో వచ్చిన డబ్బు నుంచి రోడ్లు, ఆస్పత్రులు, టీకాలు, బడులు అన్నీ నడవాలి. గోదావరి రేటు బడులు ఈ కొత్త చట్టం కిందికి వచ్చేశాయి. బడికోసమని ఇచ్చిన డబ్బు బడికే పోతుందన్న పాత భరోసా అక్కడితో సరి. సెస్సు కుండలో మొదటి గరిటె రోడ్లకు పోయేది.

హంటర్ కమిషన్, ఉపసంహరణ

1882 ఫిబ్రవరిలో వైస్రాయి రిపన్ వేసిన విద్యా కమిషన్‌కు అధ్యక్షుడు డబ్ల్యు. డబ్ల్యు. హంటర్. మద్రాసు నుంచి సభ్యుల్లో క్రైస్తవ కళాశాల ప్రిన్సిపల్ విలియం మిల్లర్, గణితాచార్యుడు పి. రంగనాథ మొదలియార్ ఉన్నారు. ఉడ్ డిస్పాచ్ మాటను సర్కారు తప్పిందనీ, గ్రాంటు బడులకు పోటీగా తన బడులు పెంచుకుంటూ పోయిందనీ మిషనరీల ఫిర్యాదు. ఇందుకోసం 1878 నుంచి లండన్‌లో ఒక సంఘమే పనిచేసింది. కమిషన్ 222 తీర్మానాలు చేసింది. వాటిలో రెండు ఆలోచనలు మద్రాసు బడుల రూపు మార్చాయి. ప్రాథమిక విద్యను స్థానిక బోర్డులకు, మునిసిపాలిటీలకు అప్పగించాలన్నది మొదటిది. హైస్కూళ్ల నుంచి, కాలేజీల నుంచి సర్కారు మెల్లగా తప్పుకోవాలన్నది రెండోది. ఉన్నత విద్యాసంస్థలను మిషనరీ యాజమాన్యాలకు అప్పగించరాదన్న షరతు కూడా పెట్టింది. ఫిర్యాదు చేసినవాళ్లకు ఇది మింగుడు పడలేదు.

1884లో మద్రాసు స్థానిక బోర్డుల చట్టం, జిల్లా మునిసిపాలిటీల చట్టం ఒకేసారి వచ్చాయి. జిల్లా బోర్డు, తాలూకా బోర్డు, యూనియన్ అనే మూడంతస్తులు ఏర్పడ్డాయి. సర్కారు ప్రాథమిక బడులు బోర్డుల చేతికి పోయాయి, వాటితో పాటు మిడిల్ స్కూళ్లు, హైస్కూళ్లు కూడా చాలావరకు వెళ్లిపోయాయి. కోస్తా ఊళ్లలో పెద్దవాళ్ల నోట ఇప్పటికీ వినపడే ‘బోర్డు హైస్కూలు’ ఈ బదిలీ మిగిల్చిన పేరే. 1886లో ఇలియట్ అధ్యక్షతన వచ్చిన ఆర్థిక కమిటీ దేశమంతటా శాఖల ఖర్చులకు కత్తెర పట్టి, ఈ తప్పుకోవడాన్ని మరింత తొందరపెట్టింది.

కాలేజీల విషయంలో తెలుగు జిల్లాలది వేరే కథ. సేలం కాలేజీని మునిసిపాలిటీకి అప్పగించారు. రాజమండ్రి కాలేజీ మాత్రం సర్కారు చేతిలోనే మిగిలింది. 1853లో జిల్లా బడిగా పుట్టి, 1873లో కాలేజీ స్థాయికి ఎదిగిన ఆ సంస్థను ఎవరికప్పగించినా ఆ ప్రాంతానికి సర్కారు కాలేజీ లేకుండా పోయేది. మిగతా చోట్ల సర్కారు వదిలేసిన జాగాను ఎవరెవరో నింపారు. విజయనగరంలో మహారాజా 1857లో పెట్టిన బడి 1879లో కాలేజీ అయింది. మచిలీపట్నంలో చర్చి మిషనరీ సొసైటీ వారి నోబుల్ కాలేజీ, గుంటూరులో లూథరన్ల కాలేజీ, కాకినాడలో పిఠాపురం రాజా పేరిటి కాలేజీ, విశాఖలో అంకితం వెంకట నరసింగరావు కుటుంబం ఆదుకున్న కాలేజీ. వీటిని దాతల ఔదార్యంగానే చెప్పుకుంటాం, అది న్యాయమే. అయితే అవి లేకపోతే మద్రాసు ప్రభుత్వం కోస్తాలో ఇంకెంత ఖర్చు పెట్టవలసి వచ్చేదో ఎవరూ లెక్కగట్టలేదు. అలాంటి రాజుల అండ అంతగా లేని దత్త మండలాలకు ఆ భాగ్యమూ తక్కువే. అనంతపురంలో ప్రభుత్వ కాలేజీ రావడానికి 1916 దాకా ఆగవలసి వచ్చింది.

ఊరికొక బడి, లోపలికి కొందరు

పొదుపు చేయాలన్నప్పుడు ఊరికొక్క బడి చాలన్న నియమం సహజంగా తోస్తుంది. ఆ ఒక్క బడి అగ్రహారంలోనో, గుడి పక్కనో, పెద్దరైతు చావడిలోనో ఉంటే మాల మాదిగ పిల్లలకు అందులో చోటు లేదు. చట్టప్రకారం బోర్డు బడి అందరిదీ. ఆచరణలో గడప దాటనిచ్చేవాళ్లు కారు. వేరే బడి పెట్టాలంటే రెండో పంతులు, రెండో ఖర్చు. 1893 ఫిబ్రవరిలో మద్రాసు ప్రభుత్వం, అప్పట్లో పంచములని పిలిచిన ఈ కులాల విద్య మీద ప్రత్యేక ఉత్తర్వు తెచ్చి, వాళ్ల బడులకు ఎక్కువ గ్రాంటు, శిక్షణలో వేతనాలు వంటివి ప్రకటించింది. కానీ బడులు పెట్టే పనిని ఎక్కువగా మిషన్లకే వదిలింది. గుంటూరు, నెల్లూరు, కృష్ణా జిల్లాల మాలపల్లెల్లో మొదటి బడి మిషన్ బడి కావడం వెనక మతప్రచారం ఎంత ఉందో, సర్కారు పొదుపు కూడా అంత ఉంది.

ఇతర వలసల్లో

ఖర్చు తగ్గించడానికి బడులను తిరగేసిన వలస ప్రభుత్వం మద్రాసు ఒక్కటే కాదు. హాంకాంగ్‌లో జేమ్స్ లెగ్ సలహా మీద పట్టణంలోని చిన్న చిన్న సర్కారు చైనా బడులను కలిపి, 1862లో ఫ్రెడరిక్ స్టీవర్ట్ ప్రధానోపాధ్యాయుడిగా ఒకే సెంట్రల్ స్కూలు తెరిచారు. అదే ఏడాది ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో, ఒకే ఊళ్లో పోటీ బడులు నడిపించిన రెండు విద్యా బోర్డులను రద్దుచేసి ఒకే బోర్డు పెట్టారు. ఈ రెండు చోట్లా విలీనం అంటే ఎక్కువ బడులను తక్కువ చేయడం. మద్రాసులో బడుల సంఖ్య అధికారిక లెక్కల్లో పెరుగుతూనే పోయింది. తగ్గినదల్లా వాటిలో నేరుగా సర్కారు నడిపేవాటి వాటా.

1904 తరువాత

వైస్రాయి కర్జన్ ప్రభుత్వం 1904 మార్చి తీర్మానంలో ఫలితాల గ్రాంటును తప్పుపట్టింది. అప్పటికి ఇంగ్లండే ఆ పద్ధతిని వదిలేసి ఏళ్లయింది. మద్రాసు కూడా ఆ వెంటే దాన్ని వదిలి, పంతుళ్ల సంఖ్యనూ అర్హతలనూ బట్టి ఇచ్చే గ్రాంట్లకు మారింది. దానితో పంతులే యజమానిగా ఉండే చిన్న ఎయిడెడ్ బడులు ఊరూరా కుదురుకున్నాయి. ఆ పంతుళ్లను టీచర్ మేనేజర్లు అనేవాళ్లు. 1920 మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం విద్యా పన్ను వేసే అధికారాన్ని స్థానిక సంస్థలకిచ్చి, జిల్లా విద్యా మండళ్లను ఏర్పరచింది.

1929లో సైమన్ కమిషన్‌కు అనుబంధంగా పనిచేసిన హార్టోగ్ కమిటీ నివేదిక వచ్చింది. 1922–23లో ఒకటో తరగతిలో ఉన్న ప్రతి వందమంది పిల్లల్లో 1925–26 నాటికి నాలుగో తరగతికి చేరినవాళ్లు 18 మందేనని అది చూపించింది. వృథా అనే మాట అప్పటి నుంచి విద్యాశాఖ కాగితాల్లో స్థిరపడింది. బడులు పెంచడం ఆపి ఉన్నవాటిని గట్టిపరచాలన్నది కమిటీ సలహా. ఆర్థిక మాంద్యంలో, జీతాల కోతల నడుమ, ఆ సలహా మద్రాసు ప్రభుత్వానికి సరిగ్గా సమయానికి అందింది. ఒకే పంతులుతో నడిచే బడులు, పక్కపక్కనే ఉన్న ఎయిడెడ్ బడులు, ఆడపిల్లలకు విడిగా ఉన్న చిన్న బడులు దండగ ఖర్చుగా లెక్కకొచ్చాయి. నాలుగో తరగతి దాకా రానివాళ్లు ఎందుకు రాలేదన్న ప్రశ్న మాత్రం వెనకబడింది. కూలికి పోయే పిల్లవాడి సంగతి బడిని పక్క బడిలో కలిపితే తేలేది కాదు.

స్థానిక సంస్థలకు అప్పగిస్తే ఖర్చు తగ్గుతుంది, బాధ్యత పెరుగుతుంది అన్న 1884 నాటి నమ్మకం కూడా ఈ దశాబ్దంలోనే సడలింది. గ్రాంట్లు ఎవరికివ్వాలి, బడి ఏ వీధిలో పెట్టాలి, పంతులుగా ఎవర్ని వేయాలి అన్నవాటి మీద మండళ్లలో ముఠా తగాదాలు నడిచాయి. 1939లో చట్టాన్ని సవరించి జిల్లా విద్యా మండళ్లను రద్దుచేశారు. వాటి అధికారాలు తిరిగి విద్యాశాఖ అధికారుల చేతికి వచ్చాయి. జీతాల్లో తమ వాటా మాత్రం బోర్డులే ఇస్తూ పోయాయి.